మచ్చు ప్రతి

నాలుగు చుక్కలు వేసుకున్నాను, రెండు కాదు, ఇది గుర్తుంచుకోవాలి, ఎవరైనా వచ్చి అడిగితే చెప్పడానికి ఒక్క మాటైనా నా దగ్గర ఖాయంగా ఉండాలి, మూడింటికి రెండు, మూడున్నరకు ఇంకో రెండు, నీలం మూత సీసాలోంచి, నాలుక కింద, వంటగదిలో సింకు దగ్గర నిలబడి. ఇప్పుడు ఆ వంటగదిలోనే కుర్చీలో కూర్చున్నాను. గోడ గడియారం నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇంతకుముందు చూసినప్పుడూ అంతే చూపించింది, ఆ చూపుకూ ఈ చూపుకూ మధ్య నేను నా కాపురం మొత్తం తలుచుకున్నాను, కుళాయి కట్టేశాను, కట్టేశానో లేదో చూడటానికి మళ్ళీ లేచాను, ముల్లు మాత్రం అక్కడే ఉంది. గుండె కొట్టుకోవడం పళ్ళలో తెలుస్తోంది. పక్క గదిలో చెల్లెలు నిద్రపోతోంది. నాలుగున్నరకు దాన్ని లేపాలి. ఐదింటికి ఆసుపత్రి నుంచి సూదుల అమ్మాయి వస్తుంది, ఐదింటికే ఈ నీలం మూత మందు చెల్లెలికి మొదటిసారి వెయ్యాలి. వెయ్యాలో వద్దో తేల్చాల్సింది నేను. అందుకే ముందు నేను వేసుకున్నాను, అందుకే ఇప్పుడిలా ఉన్నాను.

మందులు రెండు. పోయిన నెల డాక్టరమ్మ మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండూ గంజాయి మొక్కలోంచి తీసినవేనని చెప్పింది, గంజాయి అనగానే చెల్లెలు బల్ల కింద నా మోకాలు గిల్లింది, ఈ వయసులో మనకిదొక్కటే తక్కువైంది అన్నట్టు. తెల్ల మూత సీసాలోది సీబీడీ, మత్తెక్కించదు, కొందరికి మనసు కుదుటపరుస్తుంది, కొంచెం నిద్ర తెస్తుంది. నీలం మూతలోది టీహెచ్‌సీ, నొప్పి మీద గట్టిగా పనిచెయ్యాల్సింది అదే, తల తిప్పేదీ అదే, కొందరు ఊరికే నవ్వుతారు, కొందరికి కాలం సాగిపోతుంది, కొందరికి చచ్చేంత భయం వేస్తుంది. ఒక్క కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్ళనుకోండి, అంది డాక్టరమ్మ మమ్మల్ని చూసి నవ్వుతూ, అక్క నెమ్మది, చెల్లెలు పెంకి, అక్కను ముందు పంపించి అరగంట ఆగి చెల్లెల్ని పంపిస్తే దాని అల్లరి కాస్త అదుపులో ఉంటుందని కొందరంటారు. కొందరంటే, అని నేను పట్టుకున్నాను. కొందరు పరీక్షలు చేసి అవునన్నారు, కొందరు కాదన్నారు, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందమ్మా, అంది. ఆ మాట నాకు నచ్చలేదు. మనిషికీ మనిషికీ తేడా అయితే మా మనిషి సంగతి ఎవరు చెప్పాలి.

తెల్లది పది రోజులుగా వేస్తున్నాం. నొప్పి పోలేదు, కానీ నొప్పి వస్తుందేమోనన్న బెదురు కొంత పోయింది, దుప్పటి అంచు పట్టుకుని తలుపు వైపు చూడటం మానేసింది. నొప్పి లైన్లోనే ఉందక్కా, అరవడం మానేసింది, అంది. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఎవరికెవరినో కలిపిన మనిషి, ఎముకల్లోకి పాకిన జబ్బుతో కూడా ఆ భాషే మాట్లాడుతుంది. మొన్నటి నుంచి ఆ నొప్పి మళ్ళీ అరుస్తోంది. చెల్లెలు అరవదు, దిండు అంచు కొరుకుతుంది, పొద్దున గలీబు మార్చేటప్పుడు పళ్ళ గుర్తులు కనిపిస్తాయి. సూదుల అమ్మాయి నిన్న వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అంది, నీలం మందు కూడా చూద్దాం పెద్దమ్మా, అదీ పడకపోతే ఇంట్లో కష్టం, వార్డులో మంచం చెప్పి ఉంచాను. వార్డులో చూడటానికి నాలుగు నుంచి ఆరు దాకానే రానిస్తారు. మిగతా ఇరవై రెండు గంటలు అది ఎవరి వైపు చూస్తుంది. చుక్కలు వేస్తే నా పక్కనే ఉండి ఎటో వెళ్ళిపోతుందేమో, వెయ్యకపోతే మంచంతో సహా వెళ్ళిపోతుంది. రెండు వైపులా వెళ్ళడమే ఉంది.

మచ్చు చూడకుండా చెయ్యి పెట్టకూడదని నాకు నేర్పింది బైండింగు షాపు. వెయ్యి పుస్తకాల పని వస్తే ముందు ఒక్కటే తయారు చెయ్యాలి, పదహారేసి పేజీల ఫారాలు మడిచి, కుట్టి, జిగురు పట్టించి, అట్ట వేసి, కటింగు మిషను కింద పెట్టి మూడు వైపులా కోసి చూడాలి. తప్పు ఉంటే అందులో తేలుతుంది, పోతే అదొక్కటే పోతుంది. పాడైన మచ్చు ప్రతులు మేస్త్రి నాకిచ్చేసేవాడు, మూడో తరగతిలో బడి మానేసిన నాకు చదువంటే అవే. వాక్యాల చివరి మాటలు కోసుకుపోయినవి, ఫారాలు తారుమారైనవి, పదహారో పేజీ తర్వాత నలభై తొమ్మిది వచ్చేది, మనుషులు చచ్చిపోయాక పెళ్ళి చేసుకునేవాళ్ళు, ఏడుపు ముందు వచ్చి కారణం తర్వాత వచ్చేది, నేను అన్నీ చదివాను, నలభై ఏళ్ళు. మా ఆయన కూడా ఆ షాపులోనే పనిచేసేవాడు, అట్టలు తెస్తానని మెట్లు దిగాడు, నేను ఫారాలు లెక్కపెడుతున్నాను, లెక్క తప్పుతుందని తల ఎత్తలేదు, చెయ్యి మాత్రం ఊపాను, చెయ్యి చూశాడో లేదో తెలియదు, సాయంత్రం ఎవరో వచ్చి పోయాడని చెప్పారు. ఆ రోజు లెక్క ఎంత దగ్గర ఆగిందో ఇప్పటికీ తెలుసు, నూట ముప్పై ఏడు. తల ఎత్తి ఉంటే నూట ముప్పై ఆరు దగ్గర ఆగేది. ఏమిటి చెబుతున్నాను. మచ్చు. మచ్చు చూసేటప్పుడు కష్టమైన పనినే చూడాలి, అందుకని తెల్లది వదిలేసి నీలంది ఒక్కటే వేసుకున్నాను, రెండు చుక్కలు వేసుకుని అరగంట కూర్చుంటే ఏమీ లేదు, ఇందులో ఏముంది మన్ను, అనుకుని మళ్ళీ రెండు. అక్కను ఇంట్లో ఉంచేసి చెల్లెల్ని ఒక్కదాన్నే పంపాను. ఈ మాట నా నోటితో ఇప్పుడే అన్నానా, ఎవరైనా విన్నారా.

నాలుగు కొట్టింది. లేదు, ఈ గడియారం కొట్టదు, అది నా లోపల. నాలుక ఎండి అంగిలికి అట్ట అతికినట్టు అతికింది. ఫ్రిజ్జు మూలుగుతోంది, రోజూ మూలిగేదే, ఇవాళ ఆ మూలుగులో మాటలున్నాయి, మాటలు అందడం లేదు కానీ నా గురించేనని తెలుస్తోంది. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు, జరిపి ఆగారు, నేను వింటున్నానని తెలిసి ఆగారు. అసలు సూదుల అమ్మాయి వచ్చేసి గుమ్మం బయట నిలబడి ఉందేమో, ఈ ముసలామె ఇంట్లో ఏం చేస్తోందో చూద్దామని బెల్లు కొట్టకుండా ఉందేమో, మంచం చెప్పి ఉంచింది కూడా అందుకేనేమో. డాక్టరమ్మ నవ్వింది ఎందుకు. అక్కాచెల్లెళ్ళు అన్నప్పుడు నా వంకే చూసి నవ్వింది, ఆమెకు ఆ కారు సంగతి ఎవరు చెప్పారు. ఇది మందు చేసే పని, మందు పెట్టెలోని చీటీలో రాసే ఉంది, అనుమానాలు కలగవచ్చును అని, ఆ వాక్యం నాకు ఎన్నో వరసలో ఉందో కూడా తెలుసు, తెలిసినా భయం పోవడం లేదు, చదివినవాళ్ళకు భయం వేయదని ఎవరన్నారు. ఒక ఆలోచన పట్టుకుంటే దాని మొదలు జారిపోతోంది, మడవని ఫారం నేల మీద పరిచినట్టు అన్ని పేజీలూ ఒక్కసారే కనిపిస్తున్నాయి, సగం తలకిందులుగా, ఒకటి పక్కన పదహారు. మూతలు. మూతలు మార్చలేదు కదా. రెండోసారి వేసుకున్నప్పుడు రెండు సీసాలూ సింకు గట్టు మీదే ఉన్నాయి, రెండు మూతలూ తీసి ఉన్నాయా, ఒకటేనా, తెల్లది నీలం సీసాకు పెట్టి ఉంటే, పది రోజుల నమ్మకంతో దాని నోట్లో అదే వేసేస్తే. సీసా మీద కాగితం ఉంది, చదువు, చదవడం వచ్చు కదా నీకు, నలభై ఏళ్ళు చదివావు. అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ కలవడం లేదు. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను, చిన్నప్పుడు చదివినట్టు. మూతలు సరిగ్గానే ఉన్నాయి. ఇంకోసారి చదివాను. మూడోసారి చదువుతుంటే పక్క గదిలో ఊపిరి వినిపించడం లేదని తెలిసింది.

వంటగది నుంచి దాని గదికి ఏడు అడుగులు. నేనే వేశాను, గోడ పట్టుకుని, ఒక్కో అడుగుకూ నేల ఎక్కడుందో వెతుక్కుంటూ, ఏడూ అయ్యేసరికి ముసలిదాన్ని ఇంకా ముసలిదాన్నయ్యాను. కర్టెను వేసి ఉంది, మధ్యాహ్నపు ఎండ అంచుల్లోంచి వచ్చి మంచం కాళ్ళ మీద పడుతోంది. దుప్పటి కదలడం లేదు. కదిలిందా. నా కళ్ళు కదిలాయా. ఒకటి, రెండు, లెక్కపెట్టాను, లెక్క మధ్యలో తల దించలేదు, ఈసారి దించలేదు, దుప్పటి లేచింది, పడింది. లేచింది. బతికే ఉంది. గుమ్మంలోనే కూర్చుండిపోయాను. అక్కడి నుంచి దాని మొహం ఒక పక్కకి కనిపిస్తోంది, బుగ్గ పీక్కుపోయి, పెదవి తెరుచుకుని, ఆరేళ్ళ పిల్ల మొహం, ఆ కారు అద్దంలోంచి కనిపించిన మొహం, ఇప్పుడొస్తోంది, దీన్ని రానివ్వకూడదనే ఇంతసేపటి నుంచీ ఫ్రిజ్జునీ మూతల్నీ పట్టుకుని వేళ్ళాడుతున్నాను.

దానికి ఆరు, నాకు పదకొండు. అమ్మ పోయి రెండు నెలలు. పిల్లల్లేని పెద్దమ్మ చెల్లెల్ని పెంచుకుంటానని కారు తీసుకుని వచ్చింది. చెల్లెలు కారెక్కనంది. నాన్న బతిమాలాడు, పెద్దమ్మ బొమ్మ చూపించింది, ఎక్కనంది, చొక్కా పట్టుకుని నా వెనక దాక్కుంది. మందైనా, వేడి పాలైనా, కొత్త చెప్పులైనా ముందు అక్క చూడాలి, అక్క చూసి ఎలా ఉందో చెప్పాలి, అప్పుడే అది ముట్టుకునేది, జ్వరం మందు ఎంత చేదుగా ఉన్నా తియ్యగా ఉందని చెప్పేదాన్ని, మొహం మార్చకుండా మింగేదాన్ని, నా మొహం చూసి అది మింగేది. నాన్న నన్ను పక్కకు పిలిచి, నువ్వు ముందు ఎక్కమ్మా, అన్నాడు. ఎక్కాను. వెనక సీటు, బూడిద రంగు, ఎండకి వేడెక్కి తోలు వాసన. కింద నిలబడి అడిగింది, ఎలా ఉందక్కా అని. మెత్తగా ఉంది రా, నాలుగు రోజులేగా, అన్నాను. ఎక్కింది. ఎక్కి నా పక్కన సర్దుకుని కాళ్ళు ఊపింది. పెద్దమ్మ దానికి కిటికీలోంచి ఏదో చూపించింది, అది అటు తిరిగింది, నేను అవతలి తలుపు తీసుకుని దిగిపోయాను. దిగమని నాకెవరూ చెప్పలేదు. చెప్పకుండానే నాకు తెలుసు. తలుపు చప్పుడుకి ఇటు తిరిగింది, అద్దంలోంచి మొహం, ఏడవలేదు, సీటు మీద నేను కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూసింది, ఇంకా వేడిగా ఉండి ఉంటుంది. నాలుగు రోజులు నలభై ఏడేళ్ళయింది. ఉద్యోగం మానేశాక దాని పెట్టెతో నా గుమ్మంలో నిలబడి, ఖాళీ ఉందా, అంది. పదకొండేళ్ళయింది వచ్చి, ఒక్కరోజు ఆ కారు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఈ గుమ్మంలో కూర్చుంటే తోలు వాసన ముక్కులోకి కొడుతోంది, నేను ఆ సీటు మీదే ఉన్నాను, కారు కదులుతోంది, ఇటు తలుపు లేదు, అటు తలుపు లేదు, ఇంకో ఆరు నిమిషాలు ఇలా ఉంటే గుండె ఆగిపోతుంది, ఆగిపోతే ఐదింటికి దానికి చుక్కలు ఎవరు వేస్తారు. దీంట్లోకా నేను దాన్ని రా అని పిలవబోతున్నది.

తెల్ల సీసా నా కొంగులోనే ఉంది, ఎప్పుడు తెచ్చానో తెలియదు. చెల్లెలికి రోజూ వేసేన్ని చుక్కలే వేసుకున్నాను, ఆలస్యంగానైనా అక్కను పంపాలి కదా. తర్వాత గోడకి తల ఆనించి దుప్పటి లేవడం పడటం చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను. ఒకసారి చూస్తే ఎండ మంచం కాళ్ళు దాటి నేల మీదికి వచ్చింది. గుండె పళ్ళలోంచి గొంతులోకి, గొంతులోంచి దాని చోటికి దిగింది. తెల్లది పనిచేసిందా, నీలంది ఊరికే తగ్గిందా, ఒకరి ఊపిరి చూస్తూ కూర్చుంటే ఎవరికైనా తగ్గుతుందా, ఏమో, మూడూ కలిపి కుట్టేసిన పుస్తకంలో ఏ దారం ఏదో నేను విప్పి చెప్పలేను. భయం పోలేదు. కానీ ఇప్పుడు గదిలో దానికీ నాకూ మధ్య కాస్త చోటుంది.

"ఏంటక్కా, గుమ్మంలో కూర్చున్నావు? ఎవరైనా అప్పడిగారా?"

లేచింది. కళ్ళు నా మీదే ఉన్నాయి, చేతిలో సీసా మీద, మళ్ళీ నా మీద. ఎక్స్ఛేంజిలో గంటల తరబడి ఎవరి గొంతు ఎలా ఉందో విని మనిషిని పోల్చుకున్నది, నేను నోరు తెరవకముందే తెలుసుకుంది. అయినా అబద్ధం నాలుక మీదే ఉంది, ఎండిన నాలుక మీద కూడా చెక్కు చెదరకుండా ఉంది, బాగుంది, తియ్యగా ఉంది, మెత్తగా ఉంది. నీళ్ళ గ్లాసు అందుకోబోయి గ్లాసు పక్కన గాలిని పట్టుకున్నాను.

"నీలంది తాగావా?"

"నాలుగు చుక్కలు."

"రెండు కదా వెయ్యమంది."

"ముందు ఏమీ కాలేదు. అందుకని ఇంకో రెండు వేశాను."

"చదువుకున్నదానివి," అంది, నవ్వబోయి నడుము పట్టుకుని ఆగింది, నొప్పి వచ్చి వెళ్ళేదాకా దిండు అంచు పిడికిట్లో పట్టుకుంది, పెదవులు తెల్లబడ్డాయి. నొప్పి వెళ్ళాక చిన్నగా అడిగింది. "ఎలా ఉంది?"

యాభై ఎనిమిదేళ్ళ కిందట కారు పక్కన నిలబడి అడిగిన గొంతే. ఇందాకటి ఏడు అడుగులకంటే పెద్ద అడుగు ఇది, కానీ వేశాను. భయంగా ఉంది, అన్నాను. కాలం కదలదు. నోరు ఎండిపోతుంది. ఎవరో వింటున్నట్టుంటుంది, ఫ్రిజ్జు కూడా మాట్లాడుతుంది. మర్చిపోయామనుకున్నవి వచ్చి పక్కన కూర్చుంటాయి. నేను తెల్లది ముందు వేసుకోలేదు, ఎక్కువ కూడా వేసుకున్నాను, నీకు ఇంత ఉండకపోవచ్చు, ఉండనూ వచ్చు, నాకు తెలియదు. మెత్తగా మాత్రం లేదు. మెత్తగా, ఆ కారు సీటు మీద అన్న మాటే. అది పైకప్పు వంక చూసింది.

"నాలుగు రోజులు కాదని నాకు అప్పుడే తెలుసక్కా. పెద్దమ్మ నా బట్టలన్నీ సర్దింది. చలికోటు కూడా."

"మరి ఎందుకెక్కావు?"

"నువ్వు లోపల కూర్చున్నావు కదా."

తర్వాత అది చెయ్యి చాపి తెల్ల సీసా అడిగింది, టైమెంతైందని అడిగింది, నాలుగు నలభై, పది నిమిషాలు ఆలస్యం. చుక్కలు నేను లెక్కపెట్టాను, అది నా చెయ్యి కదలకుండా మణికట్టు పట్టుకుంది. నీలంది వద్దంటే వద్దని అమ్మాయికి చెబుతాను, అన్నాను. నీ తల నీది, నా తల నాది, నీకు ఫ్రిజ్జు మాట్లాడితే నాకు నొప్పి మాట్లాడ్డం మానేస్తుందేమో, అంది. మానకపోతే అప్పుడే ఫోన్ పెట్టేద్దాంలే.

ఐదూ పదికి సూదుల అమ్మాయి వచ్చింది. గుమ్మంలోనే నా కళ్ళు చూసి, ఏంటి పెద్దమ్మా కళ్ళు అంత ఎర్రగా ఉన్నాయి, అంది. వార్డు, మంచం, నాలుగు నుంచి ఆరు, మళ్ళీ గుండె ఎగిరింది. లోపలి నుంచి చెల్లెలు, తారుమారు పుస్తకంలో చనిపోయినవాళ్ళ పెళ్ళి చదివి ఏడ్చిందమ్మా, అని సర్దబోయింది. నేను కాదన్నాను. మచ్చు చూద్దామని ఎన్ని చుక్కలు వేసుకున్నానో, ఎప్పుడో, తెల్లది ఎప్పుడో, అంతా చెప్పాను, ఆ అమ్మాయి బ్యాగు కింద పెట్టి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాడి చూసింది, చూస్తున్నంతసేపూ తిట్టింది, మెల్లగా, తిట్టేవాళ్ళుంటే ఎంత ధైర్యంగా ఉంటుందో నాకు ఆ వయసు పిల్ల దగ్గర తెలిసింది. మీకు పడనిది ఆవిడకి పడొచ్చు, పడ్డది పడకపోవచ్చు, మీరు చూసింది మీ మచ్చు మాత్రమే, అంది. ఇవాళ్టికి రెండే చుక్కలు, నేను ఏడు దాకా ఇక్కడే ఉంటాను, వార్డు సంగతి రేపు పొద్దున మాట్లాడదాం. ఆవిడ దగ్గర ఎవరు కూర్చుంటారు, అని అడిగింది. తిట్టు ఇంకా అయిపోలేదేమోనని చూసి, నేను, అన్నాను.

రెండు చుక్కలు చెల్లెలి నాలుక కింద పడ్డాయి. అది నోరు మూసుకుని, మాట్లాడకూడదు కాబట్టి, కళ్ళు నా మీద పెట్టి ఉంచింది. ఇంకాసేపటికి మొదలవుతుంది, మొదలైతే ఎటు తీసుకెళ్తుందో నాకు తెలియదు, నా లోపల ఇంకా కొంచెం కారు నడుస్తూనే ఉంది, తోలు వాసన పోలేదు. చెప్పులు వదిలి కాళ్ళు పైకి తీసుకుని మంచం మీద, గోడ వైపు, దాని పక్కన కూర్చున్నాను. అది మందు మింగి పెదవులు తుడుచుకుంది.

"నీది ఇంకా దిగలేదా?"

"లేదు. లోపలే ఉన్నాను."

"అయితే కాస్త జరుగు," అంది.

జరిగాను.